స్కైలాబ్ ఆరేళ్లూ పడుతూనే ఉంది

1979 జూలై మొదటి పది రోజులు పాలమూరు, నల్గొండ పల్లెల్లో ఎట్లా గడిచాయో అరవై దాటినవాళ్లను అడిగితే ఇప్పటికీ కథలు కథలుగా చెబుతారు. అమెరికావాళ్లు పైకి పంపిన అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ఆకాశంలోంచి పడుతుందట, పడ్డచోట ఊరికి ఊరే బుగ్గి అవుతుందట. రేడియోలో ఒక మాట వస్తే రచ్చబండ దగ్గరికి చేరేసరికి అది పది మాటలయ్యేది. పోయేటప్పుడు కట్టుకుపోయేదేముందని కోళ్లను, మేకలను కోసుకు తిన్నవాళ్లున్నారు. దూరాన ఉన్న పిల్లలను ఇంటికి పిలిపించుకున్నవాళ్లున్నారు. చివరికి జూలై 11న అది హిందూ మహాసముద్రం మీద ముక్కలైంది. కొన్ని ముక్కలు పశ్చిమ ఆస్ట్రేలియాలో, ఎస్పరెన్స్ అనే ఊరి చుట్టుపక్కల పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఆ రోజుల్లో అందరి నోటా ఒకటే ప్రశ్న: ఎక్కడ పడుతుంది? ప్రాణభయం ఉన్నప్పుడు అదే అడుగుతారు. కానీ దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. దాదాపు 77 టన్నుల ఆ లోహపు ఇల్లు 1973 మే 14 నుంచి ఆరేళ్లు పైన ఎట్లా ఆగింది? కింద స్తంభం లేదు, పైన తాడు లేదు, ఆపకుండా నడిచే ఇంజనూ లేదు.

జవాబు వింటే మొదట నమ్మబుద్ధి కాదు. అది ఎప్పుడూ ఆగలేదు. పైకి చేరిన మొదటి గంట నుంచే పడుతూ ఉంది. 1979లో జరిగిందల్లా ఏమిటంటే, అప్పటిదాకా నేలను తాకకుండా పడినది ఆ రోజు నేలను తాకింది. ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంటే చందమామ ఎందుకు రాలిపడదు, వ్యోమగాములు ఎందుకు తేలుతారు, అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మనిషి గగారిన్ పేరు చరిత్రలో ఎందుకు అంత పెద్దది అన్నవన్నీ ఒకదాని వెంట ఒకటి విడిపోతాయి.

ముందు ఒక అడ్డు తీసేయాలి. అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదు, అందుకే అక్కడ మనుషులు తేలుతారు అని చాలామంది అనుకుంటారు. బడిలో విన్నదీ అదే, టీవీలో విన్నదీ అదే. లెక్క మాత్రం ఒప్పుకోదు. భూమి కేంద్రం నుంచి మనం 6,371 కిలోమీటర్ల దూరంలో ఉన్నాం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది నేలకు దాదాపు 400 కిలోమీటర్ల పైన. అంటే కేంద్రం నుంచి 6,771 కిలోమీటర్లు. దూరం పెరిగింది ఆరు శాతమే. ఆకర్షణ దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి అక్కడ భూమి లాగుడు నేల మీద ఉన్నదాంట్లో దాదాపు 89 శాతం. నల్గొండలో 400 కిలోమీటర్ల ఎత్తు స్తంభం కట్టి, దాని కొసన కాంటా పెట్టి 60 కిలోల మనిషిని నిలబెడితే 53 కిలోలు చూపిస్తుంది. ఆ మనిషి తేలడు. కాలు జారితే కిందికే వస్తాడు. అదే ఎత్తులో ఆ స్తంభం పక్క నుంచి దూసుకుపోయే అంతరిక్ష కేంద్రంలో మాత్రం మనుషులు తేలుతున్నారు. ఎత్తు ఒకటే, లాగుడు ఒకటే. తేడా అంతా అడ్డంగా పోయే వేగంలో ఉంది. కేంద్రం సెకనుకు 7.6 కిలోమీటర్లకు పైగా పోతోంది.

మంచె మీది రాయి

జొన్నచేలో మంచె ఎక్కి వడిసెలతో పిట్టలను కొట్టిన చేతులు మా దిక్కు ఇంకా ఉన్నాయి. ఆ రాయి దారిని గమనిస్తే సగం అంతరిక్ష శాస్త్రం అర్థమవుతుంది. వడిసెల విడిచాక రాయిని ముందుకు తోసేది ఏదీ లేదు. అయినా అది ముందుకు పోతుంది. కదిలే వస్తువు, అడ్డేమీ లేకపోతే, అదే వేగంతో అదే దిక్కులో పోతూనే ఉంటుంది కాబట్టి. అదే సమయంలో భూమి దాన్ని కిందికి లాగుతుంది. గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో తేల్చి చెప్పింది ఇదే: ఈ రెండు కదలికలూ ఒకదానికొకటి అడ్డు రావు. ముందుకు పోయేది పోతూనే ఉంటుంది, కిందికి పడేది పడుతూనే ఉంటుంది. రెండూ కలిసి గీసే దారి పరావలయం.

అంకెలు వేసి చూద్దాం. గాలి అడ్డును కాసేపు మరిచిపోదాం. మంచె ఎత్తు 4.9 మీటర్లు అనుకోండి. అంత ఎత్తు నుంచి ఏది పడినా నేలకు రావడానికి సరిగ్గా ఒక సెకను పడుతుంది. ఒక చేతిలోని రాయిని ఊరికే వదిలారు. అదే క్షణాన ఇంకో రాయి వడిసెల నుంచి సెకనుకు 30 మీటర్ల వేగంతో నేలకు సమాంతరంగా బయలుదేరింది. మొదటిది మంచె కాళ్ల దగ్గర పడుతుంది, రెండోది 30 మీటర్ల అవతల. రెండూ పడేది మాత్రం ఒకే క్షణాన. వేగం రెట్టింపు చేస్తే 60 మీటర్లు పోతుంది, అప్పుడూ ఒక సెకనే. అడ్డంగా ఎంత బలంగా విసిరినా రాయి ఎక్కువసేపు గాలిలో ఉండదు, ఎక్కువ దూరం పోతుంది, అంతే.

ఇంతవరకూ నేల చదునుగా ఉందనుకున్నాం. చేను మేరకు అది నిజమే. కానీ నాగార్జునసాగర్ కట్ట మీదికి వస్తే లెక్క మారుతుంది. రాతి ఆనకట్ట, ఇరువైపులా మట్టి కట్టలు కలిపి పొడవు దాదాపు 4.8 కిలోమీటర్లు. ఒక కొస నుంచి నీటిమట్టం పెట్టి చూసి, సూటిగా ఒక గీత గీస్తే, రెండో కొస దగ్గర ఆ గీత కట్టకు దాదాపు 1.8 మీటర్ల పైన ఉంటుంది. అంటే మనిషెత్తు. కట్ట కుంగిపోలేదు, భూమి గుండ్రం కాబట్టి నేల అంత కిందికి వంగింది. వెనకాల నిలిచిన కృష్ణా నీళ్లు కూడా అట్లాగే వంగి ఉంటాయి.

ఈ వంపును 7.9 కిలోమీటర్ల దాకా లెక్కగడితే 4.9 మీటర్లు వస్తుంది. రాయి మొదటి సెకనులో పడేదీ 4.9 మీటర్లే. ఈ రెండు అంకెలు కలిసేచోటే ఉపగ్రహం పుట్టింది. సెకనుకు 7.9 కిలోమీటర్ల వేగంతో రాయిని అడ్డంగా విసిరితే, సెకను గడిచేసరికి అది 4.9 మీటర్లు పడింది, దాని కింద నేలా 4.9 మీటర్లు వంగిపోయింది. నేలకు రాయికి మధ్య ఎడం మొదట ఎంతో ఇప్పుడూ అంతే. మరో సెకనులోనూ అదే జరుగుతుంది, ఆ తర్వాతా అదే. రాయి పడటం మానలేదు, నేల అందడం మానింది. 84 నిమిషాల చిల్లరలో భూమి చుట్టూ తిరిగి విసిరినవాడి వీపు వెనక నుంచి వస్తుంది.

ఈ ఊహ న్యూటన్‌ది. గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని ఆయన 1687లో ప్రకటించారు. ఎత్తైన కొండ మీద ఫిరంగి పెట్టి గుండు వేగాన్ని పెంచుకుంటూ పోతే చివరికి అది భూమిని చుట్టేస్తుందన్న బొమ్మ ఆయన పోయాక 1728లో అచ్చయింది. ఆ బొమ్మ నిజం కావడానికి ఇంకో 229 ఏళ్లు పట్టింది. 1957 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ పంపిన 83.6 కిలోల స్పుత్నిక్ 96 నిమిషాలకోసారి భూమిని చుట్టింది. న్యూటన్ తర్వాత కొత్త సూత్రమేదీ కావాల్సి రాలేదు, కావాల్సింది అంత వేగం ఇవ్వగల యంత్రం.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. ఉపగ్రహాన్ని భూమి లోపలికి లాగుతుంది, బయటికి తోసే బలం ఇంకొకటి ఉంది, రెండూ సమానమై అది మధ్యలో నిలుస్తుంది అని గైడ్లలో రాసి ఉంటుంది, పిల్లలు బట్టీ పడతారు. ఆగి ఆలోచించండి. రెండు బలాలూ నిజంగా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే వస్తువు మీద బలమే మిగలదు. బలం లేనిది సూటిగా పోవాలి కదా, వంగి ఎందుకు తిరుగుతుంది? తిరిగే ఉపగ్రహంలో కూర్చుని లెక్క వేసేవాళ్లకు ఆ బయటి బలం పనికొచ్చే లెక్కే. నేల మీద నిలబడి చూసే మనకు మాత్రం ఉన్నది ఒకే బలం, భూమి లాగుడు. ఆ లాగుడు ఎప్పుడూ ప్రయాణ దిశకు అడ్డంగా ఉంటుంది కాబట్టి గుండ్రటి కక్ష్యలో వేగం పెరగదు, తగ్గదు. దిశ ఒక్కటే మారుతూ పోతుంది.

తేలడం కూడా ఇందులోంచే వస్తుంది. వడిసెల రాళ్లు నింపిన సంచీ చేతిలో ఉన్నంతసేపు రాళ్లు సంచీ అడుగును నొక్కుతాయి, మనకు బరువు తెలుస్తుంది. సంచీని వదిలేస్తే సంచీ, రాళ్లు ఒకే తీరుగా పడతాయి. పడుతున్నంతసేపు ఏ రాయీ అడుగును నొక్కదు. అంతరిక్ష కేంద్రంలో మనిషి, నేల, నీళ్ల బొట్టు అన్నీ కలిసి ఒకే తీరుగా పడుతున్నాయి. బరువు తెలియకపోవడానికి కారణం లాగుడు లేకపోవడం కాదు, ఆ లాగుడుకు ఎదురు నిలిచే నేల లేకపోవడం.

చందమామదీ ఇదే కథ. అది భూమి వ్యాసార్ధానికి దాదాపు 60 రెట్ల దూరంలో, 3,84,000 కిలోమీటర్ల అవతల ఉంది. దూరం 60 రెట్లయితే లాగుడు 3,600వ వంతు అవ్వాలి. అట్లా అయితే నేల మీద వస్తువు ఒక సెకనులో పడే 4.9 మీటర్లు చందమామ ఒక నిమిషంలో పడాలి. చందమామ ఎంత దూరంలో ఉంది, చుట్టు తిరగడానికి ఎన్ని రోజులు పడుతుంది అన్న రెండు అంకెలతో దాని దారి ఎంత వంగుతుందో లెక్కేస్తే సరిగ్గా అంతే వస్తుంది. నాకు తెలిసి మనిషి చేసిన గొప్ప లెక్కల్లో ఇదొకటి. చెట్టు నుంచి రాలే కాయకూ, ఆకాశంలో చందమామకూ ఒకే చట్టమని మొదటిసారి రుజువైంది ఇక్కడే. 1980 ఫిబ్రవరి 16న రంగారెడ్డి జిల్లా జపాల్–రంగాపూర్ వేధశాల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ పోయింది. గ్రహణం ఎప్పుడొస్తుందో పంచాంగాలు న్యూటన్‌కు ముందు నుంచే చెబుతున్నాయి. చందమామ ఆ దారినే ఎందుకు పోతుందో చెప్పింది మాత్రం ఈ లెక్క.

ఎత్తు తేలిక, వేగం కష్టం

అంతరిక్షం మొదలయ్యేది 100 కిలోమీటర్ల ఎత్తులో అని ఎక్కువమంది ఒప్పుకున్న గీత. నల్గొండ నుంచి హైదరాబాద్ ఎంత దూరమో దాదాపు అంతే. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ కూడా అంతే. అంత దగ్గర! మరి అక్కడికి పోవడం ఎందుకంత పెద్ద పని?

ఒక కిలో బరువును 100 కిలోమీటర్ల పైకి ఎత్తడానికి కావాల్సిన శక్తి దాదాపు 10 లక్షల జౌళ్లు. అదే కిలోకు సెకనుకు 7.8 కిలోమీటర్ల వేగం ఇవ్వడానికి 3 కోట్ల జౌళ్లు కావాలి. ముప్పై రెట్లు. కరెంటు బిల్లు లెక్కలో మొదటిది పావు యూనిట్ కంటే కాస్త ఎక్కువ, రెండోది ఎనిమిదిన్నర యూనిట్లు. అంటే అంతరిక్షాన్ని తాకి రావడం ఒక పని, అక్కడ తిరుగుతూ ఉండటం పూర్తిగా వేరే పని.

మన తెలుగు పేపర్లలో ఈ తేడా తరచూ చెరిగిపోతుంది. 2021 జూలై 11న బండ్ల శిరీష వర్జిన్ గెలాక్టిక్ నౌకలో దాదాపు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి వచ్చారు. 2024 మే 19న తోటకూర గోపీచంద్ బ్లూ ఆరిజిన్ నౌకలో 100 కిలోమీటర్ల గీత దాటి వచ్చారు. ఇద్దరి ప్రయాణమూ ధైర్యమైనదే, మనం గర్వపడాల్సిందే. కానీ అవి పైకి విసిరిన రాయి దారులు. ఎక్కి, కొన్ని నిమిషాలు తేలి, దిగడం. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన తండ్రికి పుట్టిన రాజాచారి 2021 నవంబర్‌లో వెళ్లింది కక్ష్యలోకి. దాదాపు ఆరు నెలలు అక్కడే ఉన్నారు. ఈ రెంటినీ ఒకే మాటతో ‘అంతరిక్ష యాత్ర’ అని రాసేస్తే చదివేవాళ్లకు అసలు కష్టం ఎక్కడుందో తెలియకుండా పోతుంది.

1961లో ఇదే తేడా ప్రపంచం ముందు నిలిచింది. ఏప్రిల్ 12న సోవియట్ వ్యోమగామి యూరి గగారిన్ వోస్టోక్ నౌకలో భూమిని చుట్టి వచ్చారు. మూడు వారాల తర్వాత మే 5న అమెరికా తరఫున అలన్ షెపర్డ్ వెళ్లారు. షెపర్డ్ 187 కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కి, 487 కిలోమీటర్ల అవతల అట్లాంటిక్‌లో దిగారు. మొత్తం 15 నిమిషాలు, అందులో అయిదు నిమిషాలు భారరహిత స్థితి. ఎత్తు చూస్తే గగారిన్ కక్ష్యలోని దగ్గరి కొసతో దాదాపు సమానం. వేగం చూస్తే షెపర్డ్‌ది సెకనుకు 2.3 కిలోమీటర్లు, గగారిన్‌ది 7.8. షెపర్డ్‌ను మోసిన రెడ్‌స్టోన్ రాకెట్ 30 టన్నులు. గగారిన్‌ను మోసిన వోస్టోక్ రాకెట్ 280 టన్నుల పైమాటే, నౌక బరువు 4.7 టన్నులు.

వేగం మూడు రెట్ల చిల్లరే కదా, రాకెట్ అంత ఎందుకు పెరగాలి అనిపిస్తుంది. నౌక బరువులో తేడా కొంత కారణం. అసలు కారణం 1903లో రష్యాలో ఒక బడి పంతులు, కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ, కాగితం మీద తేల్చారు. రాకెట్ తన ఇంధనాన్ని తానే మోసుకుపోవాలి. ఆ ఇంధనాన్ని ఎత్తడానికి మళ్లీ ఇంధనం కావాలి. కింద నుంచి ఎగజిమ్మే వాయువుల వేగం సెకనుకు 3 కిలోమీటర్లు అనుకుందాం. రాకెట్ కూడా 3 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే బయలుదేరే బరువు మిగిలే బరువుకు 2.7 రెట్లు ఉండాలి. 6 కిలోమీటర్లకు 7.4 రెట్లు. 9 కిలోమీటర్లకు 20 రెట్లు. కక్ష్య వేగం, దారిలో గాలికీ గురుత్వాకర్షణకూ పోయే నష్టం కలిపితే 9 దాటుతుంది. నూటికి 95 పాళ్లు ఇంధనమే ఉండాలన్నమాట. అందుకే అంచెలంచెలుగా ఖాళీ తొట్లను వదిలేస్తూ పోతారు.

శ్రీహరికోట ప్రయోగాలు చూసినవాళ్లకు తెలిసే ఉంటుంది, రాకెట్ కాసేపు నిట్టనిలువుగా లేచి సముద్రం మీదికి ఒరిగిపోతుంది. కిందికి వస్తోందేమోనని మొదటిసారి చూసేవాళ్లకు టెన్షన్. చిక్కటి గాలి పొర దాటడానికే ఆ నిలువు ప్రయాణం. అసలు పని ఒరిగాకే మొదలవుతుంది. ఎక్కువ ప్రయోగాల్లో తూర్పుకు ఒరగడానికి ఒక కారణం భూమి అటు తిరుగుతుండటం. నల్గొండలో కదలకుండా కూర్చున్న మనిషి కూడా భూమితోపాటు సెకనుకు దాదాపు 445 మీటర్లు తూర్పుకు పోతున్నాడు. శ్రీహరికోటలో అది 450 దాటుతుంది. ఆ వేగం ఉచితంగా వస్తుంది.

108 నిమిషాలు

గగారిన్ 108 నిమిషాల ప్రయాణాన్ని వీరగాథగా చాలాసార్లు విన్నాం. లెక్కగా చూస్తే దాని విలువ ఇంకా పెరుగుతుంది.

వోస్టోక్‌లో ఆయన చేతికి పగ్గాలు లేవు. భారరహిత స్థితిలో మనిషికి మతి తప్పుతుందేమో ఎవరికీ తెలియదు కాబట్టి నౌకను చేత్తో నడిపే మీటలకు తాళం వేసి ఉంచారు. తాళం తీసే అంకెలు 125 అని రాసి ఒక కవరులో పెట్టారు. అయినా బయలుదేరే ముందే ఆయన చెవిన వేసేశారు, మనుషులు కదా.

నౌకలో పది రోజులకు సరిపడా తిండి పెట్టారు. రెండు గంటల లోపు ప్రయాణానికి పది రోజుల తిండి ఎందుకు? కిందికి దించే ఇంజన్ ఒక్కటే ఉంది. అది మొరాయిస్తే రెండో దారి లేదు. అందుకే తక్కువ ఎత్తు కక్ష్య ఎంచుకున్నారు. అక్కడి పలుచని గాలి రాపిడికి నౌక దానంతటదే పది రోజుల్లోపు దిగివస్తుందని లెక్క. కానీ ఆ రోజు రాకెట్ ఇంజన్ కొద్దిగా ఆలస్యంగా ఆగింది. వేగం సెకనుకు పాతిక, ముప్పై మీటర్లు ఎక్కువైంది. 7,800లో ముప్పై ఏపాటి? కానీ కక్ష్యలో ఒకచోట వేగం కాస్త పెరిగితే దానికి సరిగ్గా అవతలి వైపు ఎత్తు పెరుగుతుంది, గుండ్రటి దారి దీర్ఘవృత్తం అవుతుంది. దాదాపు 230 కిలోమీటర్లు అనుకున్న గరిష్ఠ ఎత్తు 327 అయింది. అంటే ఇంజన్ పని చేయకపోతే నౌక పది రోజుల్లో దిగేది కాదు, తిండి ముందే అయిపోయేది.

ఇంజన్ పని చేసింది. ఆఫ్రికా పశ్చిమ తీరం దాటుతుండగా నలభై సెకన్ల పైచిలుకు మండింది. తగ్గించిన వేగం సెకనుకు వంద మీటర్ల చిల్లర మాత్రమే. కక్ష్య నుంచి దిగడానికి వేగమంతా చంపనక్కర్లేదు. దారిని కాస్త కిందికి వంచి, కొస గాలి పొరలోకి దిగేట్టు చేస్తే చాలు. మిగిలిన ఏడు కిలోమీటర్ల పైచిలుకు వేగాన్ని గాలే తినేస్తుంది. అంత శక్తీ వేడిగా మారుతుంది. ఇంజన్ మండినచోటుకూ దిగినచోటుకూ మధ్య 8,000 కిలోమీటర్లు.

ఈ దిగుడులోనే ప్రాణం మీదికి వచ్చింది. గగారిన్ కూర్చున్న గోళం, వెనకాల ఉన్న ఇంజన్ భాగం విడిపోవాలి. ఒక తీగల కట్ట తెగక రెండూ వేలాడుతూ గిరగిరా తిరిగాయి. దాదాపు పది నిమిషాలకు, గాలి వేడికి ఆ తీగలు కాలిపోయి గోళం విడివడింది. ఆ తర్వాత బరువు ఎనిమిది రెట్లయినట్టు ఒంటి మీద పడింది. నేలకు 7 కిలోమీటర్ల ఎత్తులో ఆయన సీటుతో సహా బయటికి ఎగిరి, పారాచూట్‌తో వోల్గా నది ఒడ్డు పొలాల్లో దిగారు. గోళం వేరుగా దిగింది. నౌకలోనే దిగితే తప్ప రికార్డు చెల్లదన్న నియమం ఉండటంతో సోవియట్ అధికారులు ఈ సంగతి చాలా ఏళ్లు దాచారు. దాచాల్సిన అవసరం ఏముందని నాకు అనిపిస్తుంది. పారాచూట్ వల్ల ఆ ప్రయాణం విలువ రవ్వంత కూడా తగ్గదు.

అదే ఏడు ఆగస్టు 6న ఇంకో సోవియట్ వ్యోమగామి గెర్మన్ తితోవ్ 25 గంటలు, 17 చుట్లు తిరిగారు. కక్ష్యలో నిద్రపోయిన మొదటి మనిషి ఆయనే, కడుపులో తిప్పినదీ ఆయనకే మొదట. ఆపకుండా పడటం అంటే ఏమిటో చెవిలోని తూకం అవయవం అడిగిన ప్రశ్న అది. 1962 ఫిబ్రవరి 20న అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ మూడు చుట్లు తిరిగారు. కంప్యూటర్ ఇచ్చిన కక్ష్య అంకెలను నాసా గణిత నిపుణురాలు కాథరిన్ జాన్సన్ చేత్తో లెక్కేసి సరేనంటేనే ఎక్కుతానన్నారు. 1963 జూన్‌లో సోవియట్ వ్యోమగామి వాలెంటీనా తెరిష్కోవా 48 చుట్లు తిరిగారు. అప్పటికి అంతరిక్షంలోకి వెళ్లిన అమెరికన్లందరూ కలిపి గడిపిన సమయం కంటే ఆమె ఒక్కరే గడిపినది ఎక్కువ.

గాలి పట్టుకుంటే

ఇప్పుడు స్కైలాబ్ సంగతి తేల్చవచ్చు. అది దాదాపు 435 కిలోమీటర్ల ఎత్తులో తిరిగింది. అక్కడ గాలి లేదంటాం కానీ ఉంది, ఎంతో పలుచగా. సూర్యుడి మీద అలజడి పెరిగినప్పుడు మన గాలి పొర పైభాగం వేడెక్కి ఉబ్బుతుంది. 1970ల చివర ఆ అలజడి అనుకున్నదానికంటే ఎక్కువైంది, స్కైలాబ్ దారిలో గాలి చిక్కనైంది. రాపిడికి ఎత్తు తగ్గింది, తగ్గినకొద్దీ గాలి ఇంకా చిక్కబడింది. 1974 ఫిబ్రవరిలో ఆఖరి ముగ్గురు వ్యోమగాములు దిగివచ్చాక అందులో మనుషులు లేరు, దాన్ని మళ్లీ పైకి నెట్టే నౌక సిద్ధంగా లేదు.

మన పల్లెల భయం వట్టి మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. స్కైలాబ్ కక్ష్య భూమధ్యరేఖకు 50 డిగ్రీలు వాలి ఉంది. అంటే 50 డిగ్రీల ఉత్తరం నుంచి 50 డిగ్రీల దక్షిణం దాకా ఉన్న నేలంతా దాని దారి కిందే. 17వ డిగ్రీ దగ్గరున్న నల్గొండ, పాలమూరు నిక్కచ్చిగా అందులో ఉన్నాయి. ఏ చుట్టులో పడుతుందో చివరి గంటల దాకా శాస్త్రవేత్తలే చెప్పలేకపోయారు. ఊరికి ఊరు బుగ్గి అవుతుందన్నదే తప్పు. ఆ పట్టీలో ఎక్కువ భాగం సముద్రమన్న ఒక్క మాట తెలుగులో విడమరిచి చెప్పి ఉంటే చాలామందికి గుండె కుదుటపడేది.

ఈ రాపిడిలో ఒక వింత ఉంది. గాలి అడ్డుపడితే వేగం తగ్గాలి కదా. కక్ష్యలో ఎత్తు తగ్గిన ఉపగ్రహం వేగం పెరుగుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తులో కక్ష్య వేగం సెకనుకు 7.67 కిలోమీటర్లు, 200 కిలోమీటర్ల ఎత్తులో 7.78. కిందికి జారినప్పుడు వచ్చే వేగం, గాలి తినేసిన వేగం కంటే ఎక్కువ.

ఈ వింత తెలియక తిప్పలు పడినవాళ్లలో వ్యోమగాములూ ఉన్నారు. 1965 జూన్‌లో అమెరికా నౌక జెమినీ 4లో జేమ్స్ మెక్‌డివిట్ తమ రాకెట్ ఆఖరి అంచె దగ్గరికి నౌకను పోనివ్వాలని చూశారు. అది కంటికి కనిపిస్తోంది. దాని వైపు ముక్కు తిప్పి ఇంజన్ వేశారు. దగ్గరవ్వాల్సింది దూరమైంది. మళ్లీ వేశారు, ఇంకా దూరమైంది. ఇంధనం సగానికి సగం కరగవచ్చేసరికి మానుకున్నారు. ముందున్నదాన్ని అందుకోవాలని వేగం పెంచితే కక్ష్య ఎత్తు పెరుగుతుంది. ఎత్తైన కక్ష్యలో చుట్టు పొడుగు, వేగం తక్కువ, కాబట్టి వెనకబడతారు. ముందున్నదాన్ని అందుకోవాలంటే బ్రేకు వేయాలి. కిందికి జారాలి, కింది దారిలో వేగంగా పోయి, సరైన చోట పైకి రావాలి. రోడ్డు మీద బండి నడిపిన అలవాటంతా ఇక్కడ తిరగబడుతుంది. తర్వాత చందమామ మీద దిగిన బజ్ ఆల్డ్రిన్ 1963లో డాక్టరేట్ చేసింది ఈ సమస్య మీదే. 1965 డిసెంబర్ 15న జెమినీ 6, జెమినీ 7 నౌకలు అడుగు ఎడం దాకా దగ్గరయ్యాయి. మరుసటి ఏడు మార్చిలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ నడిపిన జెమినీ 8 మొదటిసారి ఇంకో నౌకతో ముడిపడింది.

హైదరాబాద్‌లో చదువుకున్న రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న సోవియట్ నౌక సోయుజ్‌లో లేచి, వాళ్ల అంతరిక్ష కేంద్రం సల్యూత్ 7ను చేరింది ఏప్రిల్ 4న. 2025 జూన్ 25 మధ్యాహ్నం మన టైం ప్రకారం 12 గంటలకు ఫ్లోరిడాలో లేచిన శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రాన్ని చేరింది మరునాడు సాయంత్రం 4 గంటలకు. కేంద్రం ఎత్తు 400 కిలోమీటర్లే, రాకెట్ కక్ష్యలోకి చేర్చింది పది నిమిషాల్లోపే, మరి 28 గంటలు ఎందుకని ఆ రెండు రోజులూ చాలామంది అడిగారు. 200 కిలోమీటర్ల ఎత్తులో ఒక చుట్టుకు 88 నిమిషాల చిల్లర, 400 దగ్గర 92 చిల్లర. కేంద్రం కంటే కింద తిరిగే డ్రాగన్ నౌక, అంటే శుక్లా ఎక్కినది, ప్రతి చుట్టులోనూ కొన్ని నిమిషాలు ముందుకు జరుగుతుంది, కాస్త కాస్త ఎత్తు పెంచుకున్నకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. ఇద్దరి ఎత్తూ, ఇద్దరి వేగమూ, ఇద్దరూ ఉన్న చోటూ ఒక్కటయ్యే క్షణం దాకా అట్లా చుట్టు వెనక చుట్టు కలుపుకుంటూ పోవడానికే ఆ 28 గంటలూ పట్టాయి.